పనిముట్టు మీద చెరగని గుర్తు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యవర్గం వారు కోరారు. రాజుల చరిత్ర, ఊళ్ళ చరిత్ర, పే రివిజన్ల చరిత్ర రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక ప్రభుత్వ వర్కుషాపు స్టోర్సు సెక్షనులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర చిన్నది. పనిముట్ల మీద వేసే నంబర్లు, గుర్తులు ఎలా పుట్టాయి, ఎందుకు చెరిగిపోతాయి, ఎలా వేస్తే నిలుస్తాయి అన్నదే ఆ చరిత్ర.

ఇది కూడా ఒక విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. కాని డ్రిల్లు మీద అంకె చెరిగితే కన్నం తప్పుతుంది. కన్నం తప్పితే బోల్టు వదులవుతుంది. పానా మీద స్టోర్సు నంబరు చెరిగితే రిజిస్టరులో ఒక మనిషి పేరు ఎదురుగా కొరత పడుతుంది. గుర్తు చెరగడం వల్ల నష్టపోయేది ఇనుము కాదు, మనిషి. ఆ సంగతి నేను కళ్ళారా చూశాను. అది తరువాత చెబుతాను.

మన ఇళ్ళలోని గుర్తులు

చెరగని గుర్తు వేయడం మన పూర్వులకు బాగా తెలుసు. చాకలి ఇంటింటి బట్టలూ ఒకే చెరువుకు తీసుకువెళ్ళి, ఒకే బండ మీద ఉతికి, ఒకే గడ్డి మీద ఆరవేసి, ఎవరివి వారికి తప్పు లేకుండా తెచ్చి ఇచ్చేవాడు. అంచున నల్లజీడి గింజ రసంతో పెట్టిన చిన్న చుక్కలు, గీతలే అతని రిజిస్టరు. ఆ రసానికి సున్నం తగిలితే నల్లటి మచ్చగా మారి, బట్ట చిరిగేదాకా పోదు. ఉడకబెట్టినా పోదు, బండకు బాదినా పోదు. అతను గుర్తు పెట్టేది కూడా ఎక్కడో గమనించండి. పంచె మధ్యలో పెట్టడు. అంచు మూలన, కట్టుకున్నప్పుడు కనపడని చోట, రాపిడి తక్కువగా ఉండే చోట పెడతాడు. ఈ ఒక్క సూత్రం మా వర్కుషాపులో అందరికీ తెలిసి ఉంటే సగం గొడవలు ఉండేవి కావు.

అలాగే మన ఇంటి గిన్నెలు. పెళ్ళిలో పెట్టిన ఇత్తడి బిందె మీద, తరువాత వచ్చిన స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించని తెలుగు ఇల్లు ఉండేది కాదు. పాత్రల కొట్టు దగ్గర కూర్చున్న మనిషి చిన్న ఉలితో చుక్క చుక్కగా పేరు, తేదీ కొట్టేవాడు. ఆ తరువాత టకటకమని అదిరే కరెంటు పెన్ను వచ్చింది. ఆ పేరు గిన్నె లోపల కొట్టరు, అడుగునా కొట్టరు. లోపల పీచుతో తోముతారు, అడుగు పొయ్యి మీద కాలుతుంది. అంచు కింద మెడ దగ్గర కొడతారు. యాభై ఏళ్ళ నాటి పేర్లు ఇప్పటికీ చదవగలుగుతున్నామంటే కారణం అదే.

పనివాడి పేరు, ప్రభువు గుర్తు

చైనాలో క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే, చిన్ రాజ్యంలో, తయారైన వస్తువు మీద తయారుచేసినవాడి పేరు చెక్కాలన్న నియమం ఉండేది. 1974లో షియాన్ నగరం దగ్గర మట్టి సైనికుల విగ్రహాలు బయటపడ్డాయి కదా. అక్కడ దొరికిన కంచు ఆయుధాలు కొన్నింటి మీద ప్రధానమంత్రి లూ బువెయ్ పేరు, పర్యవేక్షణ అధికారి పేరు, చివరగా పనివాడి పేరు వరుసగా చెక్కి ఉన్నాయి. ఆయుధం చెడిపోతే ఎవరిని అడగాలో ఆ వరుస చెబుతుంది. మన ఫైళ్ళలో కింది నుంచి పైదాకా పడే పొట్టి సంతకాల వంటిదే అది. తేడా అల్లా, అక్కడ సంతకం లోహం మీద ఉంది.

ఇంగ్లండులో కత్తులకు, ఆకురాళ్ళకు పేరుపడ్డ షెఫీల్డు పట్టణంలో 1624లో పార్లమెంటు చట్టం ద్వారా కత్తుల పనివారి సంఘం ఏర్పడింది. ప్రతి యజమానికి ఒక ముద్ర ఉండేది. ఆ ముద్ర సంఘం వారి పుస్తకంలో నమోదు అయ్యేది. ఒకరి ముద్ర ఇంకొకరు కొట్టకూడదు. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఇనుము మీద ముద్ర ఒక్కటే చాలదు, దానికి జతగా ఒక పుస్తకం ఉండాలి. పుస్తకం లేని ముద్ర గీతల కింద లెక్క. ముద్ర లేని పుస్తకం వట్టి మాట కింద లెక్క.

ప్రభుత్వ ఆస్తికి గుర్తు వేయడంలో బ్రిటిషువారి బాణం గుర్తు ప్రసిద్ధం. మూడు గీతలు ఒక చోట కలిసే ఆ గుర్తు ఫిరంగుల మీద, పీపాల మీద, గొడ్డళ్ళ మీద ఉండేది. 1698లో చేసిన చట్టం ప్రకారం ఆ గుర్తున్న సరుకు తగిన అనుమతి పత్రం లేకుండా ప్రైవేటువారి దగ్గర ఉండడమే నేరం. 1875లో వచ్చిన ప్రభుత్వ సరుకుల చట్టం ఇదే పద్ధతిని కొనసాగించింది. ఇండియా సైన్యపు సామగ్రి మీద ఈ బాణంతో పాటు 'ఐ' అనే ఇంగ్లీషు అక్షరం కొట్టేవారు.

కాని తాడు మీద బాణం ఎలా కొడతారు? దానికి నౌకాదళం వారు ఒక ఉపాయం చేశారు. తాడు పేనేటప్పుడే లోపల వేరే రంగు నూలు పోగు ఒకటి కలిపి పేనేవారు. దొంగ ఆ తాడును ఎంత ముక్కలు చేసి అమ్మినా ప్రతి ముక్కలోనూ ఆ పోగు కనపడుతుంది. పోగు తీసేయాలంటే తాడంతా విప్పాలి, విప్పితే అది తాడు కాదు. అందుకే దానికి ఇంగ్లీషులో దొంగ పోగు అని అర్థం వచ్చే పేరు పెట్టారు. వస్తువు తయారయ్యాక పైన వేసిన గుర్తు కంటే తయారవుతూ ఉండగా లోపల కలిసిన గుర్తు ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇందుకు మనందరం చూసిన ఉదాహరణ రైలు పట్టా. స్టేషనులో నిలబడినప్పుడు పట్టా నడుము పక్కకు చూడండి. తయారుచేసిన కర్మాగారం గుర్తు, సంవత్సరం, పట్టా రకం ఉబ్బెత్తు అక్షరాలలో కనపడతాయి. ఎర్రగా కాలిన ఉక్కు రోలర్ల మధ్య నుంచి పోయేటప్పుడే ఆ అక్షరాలు పడతాయి. చక్రం పైభాగాన నడుస్తుంది, స్లీపరు అడుగున ఉంటుంది. నడుముకు రాపిడి లేదు. కనుక పట్టా అరిగి తీసేసేదాకా ఆ సంవత్సరం చదువుకోవచ్చు.

మరలు వచ్చాక వచ్చిన చిక్కులు

కమ్మరి కొలిమి దగ్గర పది పనిముట్లు ఉంటే ఏది ఏదో అతని చేతికే తెలుసు. యంత్రాల వర్కుషాపులో వేల పనిముట్లు ఉంటాయి. చూడటానికి అన్నీ ఒకలాగే ఉంటాయి, తేడా వెంట్రుక వాసిలో ఉంటుంది. అంకె చదవనిదే పని జరగదు.

మెలికల డ్రిల్లును అమెరికాలో స్టీఫెన్ మోర్స్ 1861లో కనిపెట్టి 1863లో పేటెంటు పొందాడు. డ్రిల్లు కొన గట్టిగా ఉండాలి కాబట్టి అక్కడ అంకె కొట్టలేరు. తోక భాగం మెత్తగా ఉంటుంది, అంకె అక్కడ కొడతారు. కాని ఆ తోకనే చక్కు పట్టుకుంటుంది. పనివాడు చక్కు సరిగా బిగించకపోతే డ్రిల్లు కన్నంలో ఇరుక్కుని ఆగిపోతుంది, చక్కు మాత్రం తిరుగుతుంది. రెండు చుట్లు తిరిగితే చాలు, అంకె పోతుంది. ఇక ఆ డ్రిల్లు 8 మి.మీ.దా, 8.2 మి.మీ.దా అన్నది మైక్రోమీటరో, కన్నాల గేజీ పలకో చెప్పాలి. పెద్ద డ్రిల్లులకు తోక పైన సన్నని మెడ ఉంటుంది. అంకె అక్కడ కొడితే చక్కుకూ స్లీవుకూ తగలదు. బిందె మెడ సూత్రమే ఇది కూడా.

కొన్నిసార్లు అంకె ఉన్నా చిక్కే. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో మర చుట్లకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. ఆ పద్ధతి పానాల మీద రాసే కొలత పానా నోటి వెడల్పు కాదు, బోల్టు లావు. అర అంగుళం అని రాసి ఉన్న విట్‌వర్త్ పానా నోరు నిజానికి 0.92 అంగుళం ఉంటుంది. అదే పానా మీద సన్న మరల పద్ధతికి 9/16 అని కూడా రాసి ఉంటుంది. అమెరికా పద్ధతి పానాల మీద, మిల్లీమీటరు పానాల మీద మాత్రం నోటి వెడల్పే రాస్తారు. మన దేశంలో 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూనికలు కొన్ని ప్రాంతాలలో, కొన్ని రంగాలలో మొదలై, 1962 ఏప్రిల్ 1 నాటికి దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. కాని వర్కుషాపులలో పాత యంత్రాలు పోలేదు. నేను సర్వీసులో చేరిన 1970ల నాటికి కూడా ఒకే అరలో మూడు పద్ధతుల పానాలు ఉండేవి. రిజిస్టరులో 'అర అంగుళం పానా' అని మాత్రం రాస్తే ఏ పానానో దేవుడికే తెలియాలి. కాబట్టి గుర్తులో అంకెతో పాటు ఏ పద్ధతి అంకెనో చెప్పే అక్షరం కూడా ఉండాలి.

పనిముట్లన్నిటినీ ఒక గదిలో ఉంచి, కిటికీలో నుంచి ఇచ్చి పుచ్చుకునే టూల్ రూము పద్ధతిని అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ వంటివారు గట్టిగా ప్రచారం చేశారు. మన వర్కుషాపులకూ ఆ పద్ధతి వచ్చింది. ప్రతి పనివాడికి తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్లలు కొన్ని ఇస్తారు. పనిముట్టు కావాలంటే ఒక బిళ్ల ఇవ్వాలి. టూల్ కీపరు ఆ బిళ్లను పనిముట్టు ఉండే కొక్కేనికి తగిలిస్తాడు. పనిముట్టు తిరిగి ఇస్తే బిళ్ల తిరిగి వస్తుంది. చాలా తేలికైన, న్యాయమైన పద్ధతి. అయితే పనిముట్టు మీద నంబరు కనపడితేనే అది నడుస్తుంది.

గుర్తు వేసే పద్ధతులు

మొదటిది నంబరు పంచీ. ఉక్కు పంచీని సుత్తితో ఒక్క దెబ్బ కొడితే అంకె దిగుతుంది. రెండు దెబ్బలు కొడితే జంట అంకెలు పడతాయి. పంచీ కంటే పనిముట్టు మెత్తగా ఉండాలి. కాబట్టి పనిముట్టును కాల్చి గట్టిపరచడానికి ముందే కొట్టాలి. గట్టిపడిన రీమరు మీద పంచీ కొడితే పంచీ మొనైనా పోతుంది, రీమరైనా పెచ్చు లేస్తుంది, లేచిన పెచ్చు కంటికైనా తగులుతుంది. టేలరు, వైటు అనే ఇద్దరు 1898-1900 ప్రాంతంలో రూపొందించిన పద్ధతితో వచ్చిన హైస్పీడు ఉక్కు, 1920లలో జర్మనీలో క్రుప్ కంపెనీ తెచ్చిన విడియా కార్బైడు వచ్చాక ఈ చిక్కు ఇంకా పెరిగింది. విడియా మీద ఏ పంచీ దిగదు. దాన్ని అతికించిన కాడ మీదే గుర్తు వేయాలి.

పంచీ కొట్టినప్పుడు అంకె చుట్టూ లోహం కొద్దిగా లేస్తుంది. దాన్ని నూనె రాయితో సాఫు చేయాలి. లేకపోతే పనిముట్టు హోల్డరులో సరిగా కూర్చోదు. ఎక్కువ బరువు, ఒత్తిడి పడే చోట లోతుగా కొడితే ఆ అంకె మూలనుంచే పగులు మొదలయ్యే ప్రమాదం కూడా ఉంది. అందుకే అలాంటి వస్తువులకు గుండ్రని మొన ఉన్న పంచీలు, చుక్కల పంచీలు వాడతారు.

రెండవది యాసిడ్. గట్టి ఉక్కు మీద మైనమో తారు వార్నిషో పూసి, సూదితో అంకె గీసి, గీసిన చోట నైట్రిక్ యాసిడ్ పెడితే అంకె తింటుంది. తరువాత చాకలి సోడా నీళ్ళతో కడిగి నూనె రాయాలి. కడగడం మరిచిపోతే అంకె చుట్టూ తుప్పు పట్టి నెలలో అంకెనే మింగేస్తుంది. మైలుతుత్తం నీళ్ళు పూస్తే ఉక్కు మీద రాగి పూత వచ్చి చక్కగా కనపడుతుంది. కాని అది గీతలు గీసుకోవడానికే పనికివస్తుంది, ఒక్క రుద్దుకు పోతుంది.

మూడవది కరెంటు. తక్కువ వోల్టు ట్రాన్స్‌ఫార్మరుకు తగిలించిన మొనతో నిప్పురవ్వలు లేపుతూ రాస్తే ఎంత గట్టి ఉక్కు మీదైనా అక్షరం పడుతుంది. చేతిరాత బాగుండాలి, అంతే. ఇంతకంటే నాజూకైనది ఉప్పు ద్రావణంతో చేసే పద్ధతి. అక్షరాలు కత్తిరించిన పలుచని స్టెన్సిలు పెట్టి, దాని మీద ద్రావణంలో తడిపిన గుడ్డ కట్టిన ప్యాడు ఆనించి కరెంటు పంపితే కొన్ని క్షణాలలో గుర్తు పడుతుంది. సుత్తి దెబ్బ లేదు కాబట్టి పనిముట్టు వంగదు, పగలదు.

రంగు కూడా ఒక గుర్తే. కార్బైడు పనిముట్లలో ఉక్కు కోయడానికి నీలం, స్టెయిన్‌లెస్ వంటి వాటికి పసుపు, పోత ఇనుముకు ఎరుపు అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. దూరం నుంచి ఏ రకమో తెలుసుకోవడానికి రంగు బాగుంటుంది. కాని ఆస్తి నంబరు మాత్రం రంగుతో రాయకూడదు. కోత నూనె, కిరసనాయిలు, చేతి చెమట ఈ మూడూ కలిస్తే ఏ పెయింటూ నిలవదు. రాపిడి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఒక బోరింగ్ బారు కథ

నేను పనిచేసిన వర్కుషాపు పేరు చెప్పను. ఇప్పుడు ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1986లో అక్కడ ఒక టర్నరు మేస్త్రీ రిటైరు కాబోతున్నారు. ముప్పై రెండు సంవత్సరాల సర్వీసు. ఆయన కొలత చూస్తే ఇంజనీర్లు మళ్ళీ చూసేవారు కాదు. నో డ్యూ సర్టిఫికెట్ కోసం టూల్ రూము లెక్క చూస్తే, 'బి 117' అనే బోరింగ్ బారు కొక్కేనికి ఆయన బిళ్ల వేలాడుతూ ఉంది. బారు లేదు. అది దిగుమతి సరుకు. దాని ఖరీదు, దాని మీద పడే అదనపు చార్జీలు కలిపితే ఆయన రెండు నెలల జీతం దాటింది.

మేస్త్రీగారు నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డారు. "బాబూ, ఆ బారు చిన్న హోల్డరులో పట్టాలని పై ఆఫీసరు చెబితే ఒక పక్క చదునుగా సాన పట్టించాం. నంబరు ఆ పక్కనే ఉంది, పోయింది. పని అయ్యాక రాత్రి షిఫ్టులో తిరిగి ఇచ్చేశాను. నంబరు కనపడటం లేదు, రేపు చూసి బిళ్ల ఇస్తానన్నాడు కీపరు. ఆ వారంలోనే ఆయన బదిలీ అయిపోయాడు" అన్నారు. అడిగితే ఇచ్చే ఆఫీసరూ లేరు, కీపరూ లేరు, రాతపూర్వకమైన ఆర్డరూ లేదు.

రిజిస్టర్లు తిరగేస్తే విచిత్రం బయటపడింది. రెండేళ్ళ కిందటి స్టాకు వెరిఫికేషనులో 'నంబరు లేని బోరింగ్ బారు ఒకటి, అదనం' అని ఒక పద్దు ఉంది. అంటే ఒకే బారు ఒక పుస్తకంలో కొరతగానూ, ఇంకో పుస్తకంలో అదనంగానూ ఉంది. ఈ సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. కాని ఆడిట్ వారికి అర్థమైనా ఒప్పుకోవడానికి వీలులేదు. కొరత కొరతే, అదనం అదనమే. అదనాన్ని సర్కారు జమలో వేసుకోవాలి, కొరతను మనిషి దగ్గర వసూలు చేయాలి. ఆ అదనపు బారే బి 117 అని రుజువు ఏది అని అడిగారు. గ్రాట్యుటీ ఆగింది. ఆయన కూతురి పెళ్ళి అదే వేసవిలో పెట్టుకున్నారు.

ఆ రోజుల్లో మా వర్కుషాపుకు దగ్గరలోని పాలిటెక్నిక్ నుంచి ఒక కుర్ర లెక్చరరు విద్యార్థులను తీసుకుని వస్తుండేవారు. ఆయనతో ఈ మాట చెబితే నవ్వి, "దొంగ సైకిళ్ళ మీద అరగదీసిన నంబర్లు పోలీసు లేబరేటరీలో తిరిగి తీస్తారు కదండీ, ఇదీ అంతే" అన్నారు. సంగతి ఏమిటంటే, పంచీ దెబ్బకు అంకె కనపడేంత లోతు మాత్రమే కాదు, దాని అడుగున ఉన్న లోహం కూడా కొంత లోతు వరకు నలిగి బిగుసుకుంటుంది. పైన సాన పట్టినా ఆ నలిగిన పొర మిగిలి ఉంటే, తగిన యాసిడ్ దాన్ని చుట్టుపక్కల లోహం కంటే వేరుగా తింటుంది. అంకె నీడలాగా పైకి వస్తుంది. నలిగిన పొర దాటి అరగదీస్తే మాత్రం ఇక రాదు.

సూపరింటెండెంటు గారి అనుమతితో, ఇద్దరు సాక్షుల ఎదుట ఆ పని చేశారు. సాన పట్టిన పక్కను ముందు గరుకు, తరువాత సన్న ఎమెరీ కాగితంతో అద్దంలా చేశారు. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో రాగి క్లోరైడు కలిపిన ద్రావణాన్ని దూదితో పూస్తూ, తుడుస్తూ, మళ్ళీ పూస్తూ కూర్చున్నారు. గంట దాటినా ఏమీ లేదు. మేస్త్రీగారు మాట్లాడకుండా కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. మరికొంతసేపటికి ఏటవాలు వెలుతురులో ఒక నిలువు గీత, దాని పక్కన ఇంకొకటి, ఆ తరువాత ఏడు అంకె వంపు కనపడ్డాయి. 'బి' అక్షరం సగమే వచ్చింది. కాని 117 స్పష్టంగా చదివారు. వెంటనే అక్కడే నోటు రాశాం, సాక్షులు సంతకాలు చేశారు, ఫోటో తీయించి ఫైలుకు జతచేశాం. కొరతా అదనమూ ఒకదానికొకటి సరిపెట్టబడ్డాయి. అంతా ముగిసి డబ్బు చేతికి వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. పెళ్ళి అప్పు మీద జరిగిపోయింది. అయినా ఆయన సర్వీసు పుస్తకంలో కొరత అన్న మాట పడలేదు. ఆయనకు కావలసింది ముందు అదే.

ఆ తరువాత మా స్టోర్సులో పద్ధతి మార్చారు. నంబరు ఒకే చోట కాకుండా రెండు చోట్ల, అంటే కాడ పక్కన ఒకటి, కాడ చివరి ముఖం మీద ఒకటి కొట్టాలన్నారు. సాన పట్టి మార్పు చేసిన ఏ పనిముట్టుకైనా అదే రోజు మళ్ళీ నంబరు వేసి, రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయాలన్నారు. నంబరు కనపడని పనిముట్టు తిరిగి వస్తే బిళ్ల ఆపకుండా, అక్కడికక్కడే చీటీ ఇవ్వాలన్నారు. మూడూ చిన్న మాటలే.

కొలత దిమ్మె నుంచి లేజరు దాకా

గుర్తు వేయడంలో అన్నిటికంటే సున్నితమైనది కొలత దిమ్మెల పని. స్వీడనులో ఎస్కిల్స్‌టూనా తుపాకుల కర్మాగారంలో పనిచేసిన సి.ఇ. జొహాన్సన్‌కు 1896లో ఈ దిమ్మెల ఆలోచన వచ్చింది. కొన్ని ఉక్కు దిమ్మెలను ఒకదానిపై ఒకటి అతికించి ఏ కొలతనైనా తయారుచేసుకోవచ్చు. వాటి ముఖాలు ఎంత నున్నగా ఉంటాయంటే జిగురు లేకుండానే అంటుకుంటాయి. అలాంటి ముఖం మీద గుర్తు వేస్తే లేచిన లోహపు పొర కొలతనే చెడగొడుతుంది. అందుకని పెద్ద దిమ్మెలకు పక్కన రాస్తారు. 6 మి.మీ. కన్నా పలుచని వాటికి పక్కన చోటుండదు కాబట్టి ముఖం మీదే, ఏమీ పైకి లేవకుండా, తేలికగా రాస్తారు. గుర్తు నిలవడం ఎంత ముఖ్యమో, గుర్తు పనిముట్టును చెడగొట్టకపోవడం అంతే ముఖ్యమని ఇది చెబుతుంది.

1960లో అమెరికాలో థియోడర్ మైమన్ మొదటి లేజరును వెలిగించాడు. 1964లో బెల్ లేబరేటరీలో కార్బన్ డయాక్సైడు లేజరును కనిపెట్టినవారు మన దేశంలో, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ గారు. ఈనాడు పనిముట్ల మీద గుర్తులు ఎక్కువగా లేజరుతోనే వేస్తున్నారు. సుత్తి లేదు, యాసిడ్ లేదు. గట్టి ఉక్కు మీదా, కార్బైడు మీదా అక్షరం పడుతుంది. చదరంగం గళ్ళ వంటి చిన్న కోడు వేస్తే యంత్రమే చదువుకుంటుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు కూడా ఇది తెలుసు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు బంగారు నగ మీద ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య లేకుండా అమ్మకూడదు. ఆ సంఖ్య నగ మీద ఒకటి, ప్రభుత్వ రికార్డులో ఒకటి ఉంటుంది. 1624 నాటి షెఫీల్డు పుస్తకమే ఇప్పుడు కంప్యూటరులో ఉంది.

అయితే లేజరుకూ మన చాకలి సూత్రం వర్తిస్తుంది. రాపిడి తగిలే చోట తేలికగా వేసిన లేజరు గుర్తు కూడా అరిగిపోతుంది. యంత్రం మారింది గాని, ఎక్కడ వేయాలో ఆలోచించాల్సినవాడు మనిషే.

చివరగా ఒక మనవి

మనలో చాలామంది ఇళ్ళలో స్క్రూడ్రైవర్లు, పానాలు, డ్రిల్లు యంత్రాలు ఉంటాయి. ఇరుగుపొరుగువారు అడిగి తీసుకువెళతారు. పాత్రల కొట్టులో గిన్నెల మీద పేర్లు రాసే కరెంటు పెన్నుతోనే వాటి మీదా పేరు రాయించుకోవచ్చు. పిడి మీద కాకుండా, పిడికీ మొనకూ మధ్య కాడ మీద రాయించండి. ఒక నోటు పుస్తకంలో జాబితా కూడా రాసి పెట్టండి.

రెండవ మనవి మన కార్యవర్గం వారికి. సంఘం హాలులోని ఇనుప కుర్చీల మీద తెల్ల పెయింటుతో రాసిన నంబర్లు వీపులు ఆనే చోట రాశారు. ఇప్పటికే సగం చెరిగాయి. కిందటి నెల లెక్కలో నలభై రెండు కుర్చీలకు ముప్పై ఎనిమిదే తేలాయని విన్నాను. పక్క కల్యాణ మండపంలో కలిసిపోయి ఉంటాయి. కోశాధికారి గారి మీద ఎవరూ మాట వేయకముందే, సీటు అడుగున చట్రం మీద పంచీతో నంబర్లు కొట్టిద్దాం. నా దగ్గర పావు అంగుళం నంబరు పంచీల సెట్టు ఒకటి ఉంది. ఒక ఆదివారం ఉదయం ఇద్దరు సభ్యులు కుర్చీలు తిరగేసి పట్టుకుంటే, నేను కొడతాను, ఇంకొకరు రిజిస్టరు రాయవచ్చు.